బోర్డు మీద పదో పేరు

తడిసిన గొడుగును తలుపుకు ఆనించి నవోమి అడిగిన మొట్టమొదటి మాటకే నేను అబద్ధం చెప్పాను. ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

అది 1968 నవంబరు. మెదక్ గ్రంథాలయంలో నేను టెంపరరీ అసిస్టెంటును, పేరు గాబ్రియేలు. వారోత్సవాలకు ‘మన మెదక్ ప్రముఖులు’ అని బోర్డు పెట్టాలని లైబ్రేరియన్ అమరేందర్ సార్ పట్టుబట్టారు. పెయింటర్ పది గీతలు గీసి పోయాడు. నాకు దొరికినవి తొమ్మిది పేర్లే. వకీళ్లు, కవులు, ఒక హాకీ ఆటగాడు. ప్రఖ్యాతి అంటారా, నాకూ కొంచెం ఉంది. నేను ఎదురుకాళ్లతో, అంటే తల కన్నా కాళ్లు ముందు బయటికొచ్చి పుట్టాను. అలాంటివాడు తంతే నొప్పి పోతుందని, చిన్నప్పుడు నడుము పట్టేసిన ప్రతివాళ్లూ నన్ను పిలిచి మెల్లగా తన్నించుకునేవారు. దానికి బోర్డు మీద చోటు దొరకదు కదా.

నవోమి బాలికల బడిలో కొత్త టీచర్. ఐదో తరగతి పిల్లల కోసం పేర్లు రాసుకుపోదామని వచ్చింది. తొమ్మిదీ చదివి పెన్ను మూసేసింది.

“ఒక్క ఆడామె లేదు. మా పిల్లలకు ఏం చెప్పాలె?”

లేదని ఒప్పుకుంటే ఆ గొడుగు తీసుకుని వెళ్లిపోతుంది. ఆ భయంతో నా నోరు దానంతటదే తెరుచుకుంది.

“పదో పేరు ఆడామెదే. డాక్టర్ కౌసల్య. టేక్మాల్ ఆమె.”

ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసం కౌసల్యను మద్రాసులో చదివించాను. ఇంకోసారి నవ్వితే బంగారు పతకం ఇప్పించాను, ఓడ కూడా ఎక్కించాను. సాయంత్రానికి పెయింటర్ వచ్చి తెల్ల రంగుతో ఆ పేరు దిద్దేశాడు.

నవోమి అంతా నమ్మింది. రోజూ బడి వదిలాక పిల్లలను వెంటేసుకుని, డాక్టరమ్మను ఎరిగినవాళ్లున్నారా అని ఇల్లిల్లూ తిరిగేది. తర్వాత గ్రంథాలయానికి వచ్చి ఏ వాడకు వెళ్లిందో చెప్పేది. ఆ కబుర్ల కోసం నేను ఎదురుచూసేవాణ్ణి. చీర అంచుకు అంటిన బురద చూసినప్పుడల్లా నిజం చెప్పేద్దామనుకునేవాణ్ణి. తీరా ఆమె ఎదుట నిలబడగానే “దొరుకుతరు తియ్యుండ్రి” అనేవాణ్ణి.

శనివారం ఆమె టేక్మాల్ బస్సు కూడా ఎక్కింది. అక్కడా ఎవరూ ఎరగమన్నారట. అయినా తిరిగొచ్చి రెండు సీతాఫలాలు నా టేబుల్ మీద పెట్టింది. అంత గొప్ప మనిషిని వెతికి తీశాననట. వాటిని ముట్టకుండా సొరుగులో పెట్టేశాను.

“మన ఊర్ల యాడికి పోయినా మా అమ్మ ముచ్చటే చెప్తుండ్రు,” అంది విసుగ్గా. “మా అమ్మ మంత్రసాని. నేను అడిగేది డాక్టరమ్మను కద.”

మంత్రసాని అన్నచోట ఆమె గొంతు తగ్గింది.

వారోత్సవాల సభకు ముందురోజు, తన తరగతి పిల్లతో చెప్పించే ప్రసంగం తెచ్చి దిద్దిపెట్టమంది. మొదటి వాక్యమే నా అబద్ధం, ఆమె గుండ్రని అక్షరాల్లో. పదేళ్ల పిల్ల దాన్ని నలుగురిలో నిలబడి చెప్పబోతోంది. ఇక నా వల్ల కాలేదు.

“కౌసల్య అనేటామె లేదు. నేనే పుట్టిచ్చిన.”

ఆమె అరవలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

“నలభై ఇండ్లు తిరిగిన. ప్రతి ఇంట్ల మా అమ్మ గురించి చెప్పవోతే ఆపిన. ఆమె సంగతి వద్దు, డాక్టరమ్మ సంగతి చెప్పుండ్రి అన్న. నాతోని గామాట అనిపిచ్చిండ్రు మీరు.”

గొడుగు మరిచిపోయి వానలోనే వెళ్లిపోయింది. పిలవడానికి నాకు మొహం చెల్లలేదు.

అమరేందర్ సార్‌కు జరిగింది చెప్పాను. ఆయన ఉతికి ఆరేసి, నౌకరీ సంగతి సభ అయ్యాక తేలుస్తానన్నారు. ఆ గొడుగు పట్టుకుని నవోమి వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ జ్ఞానమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది. ఎవరి అబ్బాయివని అడిగింది. మా అమ్మ పేరు చెప్పి, ఎలిశిబా కొడుకునన్నాను.

“ఎదురుకాళ్ల పిలగానివా? పొద్దంత తిప్పలు పెట్టినవు గద బిడ్డా మమ్ముల.”

నన్ను ఈ లోకంలోకి తెచ్చిన చేతులు ఎవరివో నేను ఏనాడూ మా అమ్మను అడగలేదు. ఊరంతా ప్రముఖుల కోసం వెతికినవాణ్ణి. సిగ్గుతో తల వంచుకునే మొత్తం చెప్పి, పదో గీత మీద ఆమె పేరు రాయనివ్వమని బతిమాలాను.

“నా పేరెందుకు బిడ్డా? నవ్వుతరు,” అంది జ్ఞానమ్మ.

తలుపు వెనక నుంచి నవోమి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“రాయుండ్రి. నేను సుత అబద్ధమే రాసిన. నౌకరీ కాయిదంల మా అమ్మ ఏ పని చెయ్యదు, ఇంట్లనే ఉంటదని రాసిన.”

జ్ఞానమ్మ చేట ఆపలేదు. “నాకెరుకే,” అంది.

మర్నాడు సభలో నేనే లేచి తప్పు ఒప్పుకున్నాను. కిరసనాయిలుతో తుడిచిన చోట నా చేత్తోనే ‘జ్ఞానమ్మ, మంత్రసాని’ అని రాశాను. పెయింటర్ రాసిన తొమ్మిది పేర్ల కింద అది వంకరగా కనబడింది. కొందరు నవ్వారు. వెనక వరసలో ఆగమ్మ అనే ముసలామె లేచి, తన నలుగురు పిల్లలూ ఆ చేతుల్లోనే పుట్టారంది. ఆ తర్వాత నవ్వు వినబడలేదు. అమరేందర్ సార్ కూడా నా నౌకరీ మాట ఎత్తలేదు.

జనం వెళ్లాక జ్ఞానమ్మ నడుము పట్టుకుని మెట్ల మీద కూర్చుంది.

“మీ కుర్చీలల్ల కూసుంటే నడుం పట్టింది. జర తన్నిపో.”

నేను వెనక్కి జరిగాను. ఆమెకు కాలు తగిలించడమా?

“గా కాళ్లు పట్టి గుంజింది నేనే. నాకేం కొత్తనా?”

మడమ ఆనీ ఆననట్టు తాకించాను. మెట్ల పక్కన విప్పిన గొడుగు వెనక నుంచి నవోమి నవ్వు వినిపించింది. నా అబద్ధం బయటపడ్డాక మొదటిసారి.

“ఒక్కపారితోని పోదు,” అంది జ్ఞానమ్మ లేస్తూ. “మూడు ఆదివారాలు రావాలె. మూడో ఆదివారం మీ అమ్మను తోలుకొని రా, మాట్లాడేదున్నది.”

నేను నవోమి వైపు చూశాను. ఆమె నేలచూపులు చూస్తోంది కానీ, వద్దనలేదు. రెండు మెట్లు దిగి జ్ఞానమ్మ మళ్లీ వెనక్కి తిరిగింది.

“ఈపారన్న ఎదురుకాళ్లతోని కాదు, సక్కగ రా.”