కిటికీలో ఎర్ర దుంపలు

ముందే ఒప్పేసుకుంటున్నాను: ఈ కేసులో శవం లేదు. చేదెక్కిన బంగాళాదుంపలున్నాయి, అంతే. అయినా రైతు డౌవె మొహం చూడగానే వోప్కెకి అతనింట్లో ఎవరో పోయారనిపించింది. పోస్ట్‌మన్‌గా రిటైరై, డిటెక్టివ్ హిస్కె దగ్గర అసిస్టెంటుగా చేరాక వోప్కె చూసినవన్నీ పోయిన సైకిళ్ల కేసులే.

"ఎవరో విషం కలిపారు హిస్కెగారూ!" కూర్చోకుండానే మొదలెట్టాడు డౌవె.

మందు కొట్టకపోయినా ఆకుమాడు తెగులుకి లొంగని ఎర్ర దుంప కోసం డౌవె సగం జీవితం ధారపోశాడు. నిన్న సేంద్రియ దుకాణాల సంస్థ నుంచి మార్లైన్ వచ్చి అతనింట్లోనే రుచి చూసింది. ఒక ముక్క నమిలి ఉమ్మేసింది. ఈ సాయంత్రంలోగా కారణం తేలకపోతే ఆ దుంప ఇక అంగడికెక్కదు.

"అనుమానం ఎవరిమీద?"

"ఇంకెవరు, పక్క పొలం రీంట్స్! వాడూ ఓ రకం తయారుచేశాడుగా. నిన్న మా వంటింట్లోనే తచ్చాడాడు."

వాళ్లు పక్క పొలానికెళ్తే రీంట్స్ ట్రాక్టర్ దిగకుండానే నవ్వాడు. "వాడి దుంపకి విషం కూడానా? ఉప్పు తగ్గితే చాలు, దాన్నెవరూ ముట్టరు."

"మీరు తిన్నారా?" అడిగింది హిస్కె.

అతని గొంతు తగ్గింది. "తిన్నా. నా ప్లేట్లోవి కమ్మగానే ఉన్నాయి. వాడితో అనకండి."

"ఒకే గిన్నెలో ఉడికినవేనా?"

"ఆ. తొక్కలతోనే."

ఒకే గిన్నెలో విషం కొన్నింటికే ఎలా అంటుతుంది? వోప్కె బుర్ర గోక్కున్నాడు. హిస్కె డౌవె ఇంటివైపు నడిచింది.

డౌవె తల్లి యెల్ట్యె కాఫీతో, ఆ ఊరి పద్ధతి ప్రకారం, తలా ఒక్క బిస్కెట్టే ఇచ్చి డబ్బా మూత పెట్టేసింది. ముందుగదిలో గోడంత కిటికీకి, ఊళ్లో అన్ని ఇళ్లలాగే, కర్టెన్ లేదు. ఎండ నేరుగా పడుతోంది. జంట దీపాల మధ్య ఒక బుట్టలో నాలుగు ఎర్ర దుంపలు మెరుస్తున్నాయి.

"కిటికీ భలే సర్దారమ్మా," అంది హిస్కె.

"మావాడి దుంపలు! కడిగి తుడిచి పెట్టా. పోయిన వారమంతా చర్చికెళ్లేవాళ్లు ఆగి మరీ చూశారు. బుట్ట నిండుగా ఉండేదిలే."

సాయంత్రం మార్లైన్, రీంట్స్‌తో సహా అందరూ ఆ గదిలోనే కూర్చున్నారు. హిస్కె బుట్టలోంచి ఒక దుంప తీసి చాకుతో గీరింది. ఎర్ర తొక్క కింద ఆకుపచ్చ బయటపడింది.

"వెలుతురు తగిలితే దుంప పచ్చబడి చేదెక్కుతుందని మీకందరికీ తెలుసు. తెల్లదైతే కనబడేది. ఇది తొక్క కింద దాచుకుంది. సగం బుట్టలోవి, సగం చీకటి సెల్లార్‌లోవి కలిపి వండారు, అవునా అమ్మా?"

యెల్ట్యె బుట్టను దగ్గరికి లాక్కుంది. "పచ్చగా ఉన్నాయేమోనని చూశాను కూడా... నేనే చెడగొట్టానా రా?"

డౌవె తల్లి భుజం పట్టుకున్నాడు. ఆపైన రీంట్స్ వైపు తిరిగి, "తప్పైపోయిందిరా," అన్నాడు.

"సర్లే. ఈసారి ఉప్పెయ్యి."

మార్లైన్ మాత్రం నవ్వలేదు. "మేం వీటిని కడిగి, లోపలివి కనబడే సంచుల్లో, లైట్ల కింద పెడదామనుకున్నాం."

"అంటే మీ ప్రతి దుకాణంలోనూ ఈ కిటికీయే," అంది హిస్కె.

"మందపాటి కాగితం సంచి వాడతాం," అంది మార్లైన్. "సెల్లార్‌లోవి వండండి."

ఆమె ఒక ముక్క తిని, అడక్కుండానే ఇంకొకటి వేసుకుంది. యెల్ట్యె బిస్కెట్ డబ్బా రెండోసారి తెరవడం డౌవె ఆరోజే చూశాడట.

మీ ఇంట్లో మురిపెం ఎక్కువై పాడైనదేమిటి? దోషి ఎవరో తేలిందా? రాసి పంపండి.