జానెడు మరక

ఆ నెలలో కొమురెల్లి రెండు కొత్త చొక్కాలు కుట్టించుకున్నాడు. దానికి కారణం చెరువు ఒడ్డున నిలబడి తన దిక్కే చూసే సావిత్రి.

ఆమె కాశిబుగ్గలో నూలుకు రంగులు వేసే మొండయ్య కూతురు. సోమవారం, గురువారం తండ్రితో వచ్చి రంగేసిన నూలు చెరువులో జాడించేది. పని కాగానే కొంగుతో చేతులు తుడుచుకుంటూ కొమురెల్లి తెల్ల పడవ వైపు చూసేది. జనాన్ని ఆ పడవలో షికారు తిప్పే కొమురెల్లి ఆ చూపుకు ఒకటే అర్థం చెప్పుకున్నాడు. పాపం, వయసు అలాంటిది.

ఓ గురువారం ఆమే దగ్గరికి వచ్చింది. అతను దువ్వెన గబుక్కున జేబులో పెట్టాడు.

"నీ పడవకు చుట్టూత మరక పట్టింది. నెల నుంచి చూస్తాన. కడుగవా?"

కొమురెల్లి మొహం పాలిపోయింది. నిజమే, నీళ్లు తాకే చోట చుట్టూ పాచిరంగు చార. రోజూ ఇటుక పొడితో రుద్దుతూనే ఉన్నానన్నాడు రోషంగా. అందుకే తెల్లరంగు గీసుకుపోయి మరక ఇంకా లోపలికి దిగుతోందని ఆమె నవ్వింది. మరకతో కుస్తీ పట్టకూడదట, నానబెట్టి బతిమాలాలట.

సోమవారం పడవను ఒడ్డున బోర్లించారు. చింతపండు గుజ్జులో ముంచిన పాతగుడ్డ పేలికలు చార మీద పరిచి, కాసేపాగి తీసి కడిగితే కింద తెలుపు మెరిసింది. ఆరాక మైనం రుద్దితే మళ్లీ మరక పట్టదంది. వారానికి రెండుసార్లు, కొంచెం కొంచెంగా సాగింది పని. నవ్వులు ఎక్కువైనప్పుడల్లా మొండయ్య దూరం నుంచి దగ్గేవాడు.

ఇక జానెడు మరక మిగిలిందనగా సావిత్రి తల వంచుకుని చెప్పింది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి సంబంధం వస్తోందట.

"మగ్గం ఇడిసినోళ్లంటే మా నాయినకు పడది. ఓపిక లేనోళ్లంటడు."

కొమురెల్లిదీ నేతపని ఇల్లే. మగ్గం అమ్మి తెడ్డు పట్టాడు. ఆమె ఎందుకు చెప్పిందో అర్థమైంది. ఆ జానెడు మాత్రం కడగలేదు. ఒకరోజు చింతపండు లేదన్నాడు, ఒకరోజు మైనం అయిపోయిందన్నాడు. ఇంకెవరైనా తుడిచేస్తారేమోనని పడవ ఒడ్డుకు లాగినప్పుడల్లా ఆ మరక మీద తువ్వాలు కప్పేవాడు.

చివరికి ఓ పొద్దున మొండయ్యే వచ్చి తువ్వాలు ఎత్తాడు. బొటనవేలితో మరక అంచు తడిమాడు. పడవంతా అద్దంలా ఉంది. మరక ఒక్కటే కొలిచి గీసినట్టుంది.

"ఇది పోక ఉన్నది కాదు పిలగా. ఎందుకు ఉంచినవ్?"

రంగులు వేసే మనిషి దగ్గర మరక గురించి అబద్ధం చెల్లదు. కొమురెల్లి గుండె దిటవు చేసుకున్నాడు.

"ఇది పోతే సావిత్రి నా పడవ దిక్కు రాదు కాకా. నాకు సావిత్రి కావాలె."

మొండయ్య తువ్వాలు మడిచి కొమురెల్లి భుజాన వేశాడు.

"మగ్గం ఇడిసినోనికి ఓపిక ఉండదనుకున్న. మరకను గింత ఓపికగ కాపాడినోన్ని నేనెన్నడు చూడలే."

ఘన్‌పూర్ వాళ్లను రావద్దని కబురు పెడతానన్నాడు. ఈ జానెడు ఇవాళే కడగమన్నాడు.

"ఇంకోటి. నన్ను కాకా అనుడు బంద్ చెయ్."

"మరి ఏమనాలె?"

ఆరేసిన ఎర్రనూలు వెనకనుంచి సావిత్రి గొంతు మెల్లగా వినిపించింది.

"మామా అనాలె."

ఆ మాట అనడానికి నోరు తెరిచిన కొమురెల్లికి సిగ్గు ముంచుకొచ్చింది. చింతపండు తెస్తానని ఇంటికి పరుగెత్తాడు.