బురుల్ ఆపా మఖమల్

ఆ రోజు గ్యారేజీలో ఊపిరి పీల్చింది నేనొక్కదాన్నే కాదు. ఈ మాట ఇంతవరకు పైకి అనలేదు. అమ్మతో కూడా.

పక్కింటి జెనిష్‌ని బైకే అంటాను, అంటే అన్న. ఆయనకి టాక్సీ ఉంది. డిక్కీలో పెద్ద సౌండు కావాలన్నాడు. "సామాన్లకి చోటు తగ్గకూడదు చెల్లాయ్, అద్దాలు మాత్రం దడదడలాడాలి."

"మరి ప్యాసింజర్లు?"

"వాళ్లు కూడా దడదడలాడాలి."

ఫైబర్‌గ్లాస్ పని నేను వీడియోలు చూసి నేర్చుకున్నదే. డిక్కీ మూలకి టేపు అంటించి, గాజునార పరిచి, రెజిన్ జిగురు పూసి, ఆ మూల ఆకారంలోనే తొట్టి లాంటిది తీశాను. ముందువైపు స్పీకర్ కూర్చునే చెక్క చక్రం నిలబెట్టాను. ఇక చక్రం మీంచి తొట్టి అంచుల దాకా సాగే గుడ్డ బిగించి రెజిన్ పట్టించాలి. ఆరితే రాయే. స్పీకర్‌కి కంత తర్వాత కోసుకోవచ్చు.

గుడ్డ చాల్లేదు. మంచుకి బజారు మూతపడింది. నా పనిముట్ల సంచీలో ముదురు నీలం మఖమల్ ముక్క కనిపించింది.

అది జిర్తిష్. జెనిష్ బైకే నాయనమ్మ బురుల్ ఆపా, మా అందరికీ అవ్వ, పోయినప్పుడు వచ్చిన ఆడవాళ్లందరికీ చింపి పంచిన గుడ్డ. నిండుగా బతికిన మనిషి పోతేనే పంచుతారు. దాచుకుంటే ఆ ఆయుష్షు మనకీ అంటుతుందని. ఆపా వేలికి ఇత్తడి టోపీ తొడుక్కుని పొద్దస్తమానం అతుకుల బొంతలు కుట్టేది. చివర్లో ఆయాసం పట్టుకుంది. గోడ ఇవతలికి వినపడేది. ఒక గుక్క, ఒక ఈల, తర్వాత చాలాసేపు ఏమీ ఉండేది కాదు.

గుడ్డే కదా అనుకున్నాను. కొలిచి ఇచ్చినట్టు సరిపోయింది. ఒక పీలిక మిగిలితే సంచీలో పడేశాను.

చలికి రెజిన్ గట్టిపడదని ఇనప తలుపు మూసి హీటర్ పెట్టాను. మధ్యాహ్నమే, కానీ కిటికీ లేని గ్యారేజీకి పగలేమిటి? రెజిన్ వాసన తియ్యగా మొదలై గొంతులో గీరుకుంటోంది. గుడ్డంతా తడిపి బ్రష్ పక్కన పెట్టాను. అప్పుడు కప్పు మీద ఏదో బరువుగా జారింది.

ధబ్.

బల్బు ఆరిపోయింది. హీటర్ ఎరుపు మెల్లగా నల్లబడింది. కప్పు మీది మంచు మొత్తం కరెంటు తీగని లాక్కుని తలుపు ముందు పడింది. అది బయటికి తెరుచుకునే తలుపు. భుజం పెట్టి తోశాను. వేలెడంత కూడా కదల్లేదు. ఆ ఇనప డబ్బాలో ఫోన్‌కి సిగ్నల్ ఎప్పుడూ అందదు. అరిచాను. నా అరుపే నా చెవుల్లో కొట్టింది.

ఫోన్ లైటు వేశాను.

తడి మఖమల్ లోపలికి పోయింది. ఆగింది. బయటికి వచ్చింది.

ఒక గుక్క… ఒక ఈల…

తర్వాత ఏమీ లేదు. నా రొమ్ములోనూ లేదు. పీల్చాలని నోరు తెరిచాను, గాలి రాలేదు. గుడ్డ మళ్లీ కదిలాకే నాకూ ఊపిరి వచ్చింది. ఈసారి ఆగడం ఇంకా పొడుగు.

"గుడ్డ… ఎవరిచ్చారే?"

గుడ్డ బిగించిన స్పీకర్ పెట్టెలోంచి. చాలా మెల్లగా.

"మీవాళ్లే ఆపా…"

"దాచుకోమనిచ్చారు. నన్ను మూసెయ్యమన్నారా?"

కోసేద్దామని కత్తి తీశాను. మొన జారిపోయింది. అంత చలిలో, అంతలోనే, గుడ్డ రాయైపోయింది. చెయ్యి వేస్తే కాలింది. లోపలి నుంచి ఇత్తడితో కొట్టినట్టు…

టిక్. టిక్.

బయట పార గీరిన చప్పుడు. "ఒసేయ్ బేగిమాయ్! బతికున్నావా, రెజిన్‌లో ఊరిపోయావా?" జెనిష్ బైకే. తలుపు సందులోంచి తెల్లటి వెలుతురు పడింది. లోపలి చప్పుడు ఆగింది. నేను మంచులో మోకాళ్ల మీద పడి గాలి మింగాను.

ఆయన పెట్టెని తట్టి మురిసిపోయాడు. "అబ్బ, కత్తి కూడా దిగదు!" మీ నాయనమ్మ జిర్తిష్ వాడేశానని ఏ మొహంతో చెప్పను? చెప్పలేదు. మర్నాడు రంపంతో కంత కోసి, స్పీకర్ పెట్టి, చుట్టూ గాలి చొరకుండా బిగించి ఇచ్చేశాను.

ఇందాక సాయంత్రం వచ్చాడు. "పాట ఆపినా లోపల టిక్ టిక్ అంటోంది, స్క్రూ ఏదో వదులైంది చూడు. రేపు ఆయ్‌పెరిని తీసుకుని ఇసిక్ కుల్ సరస్సుకి వెళ్తున్నాం. దానికేంటో ఈ మధ్య కారెక్కితే ఆయాసం. దిగితే మామూలే."

ఆయ్‌పెరి ఆయన కూతురు. ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చుంటుంది, సరిగ్గా వీపు వెనకే డిక్కీలో ఆ పెట్టె. ఈ చలిలో అద్దాలు దించరు.

వచ్చాక చూద్దాం అన్నాను. అన్నప్పటి నుంచి నిద్ర లేదు.

ఇప్పుడే వెళ్లి పెట్టె విప్పేద్దామని స్క్రూడ్రైవర్ కోసం సంచీలో చెయ్యి పెడితే ఆ మిగిలిన పీలిక తగిలింది. నేను పడేసినప్పుడు దాని అంచులు పీచులు పీచులుగా ఉన్నాయి. ఇప్పుడు నాలుగు వైపులా మడిచి, సన్నటి కుట్లతో కుట్టి ఉంది. నాలుగో వైపు సగం దాకా వచ్చి, దారం ఇంకా వేలాడుతోంది.

వాళ్లు తెల్లారకుండానే బయల్దేరతారు. తిడితే తిట్టనీ. జెనిష్ బైకేకి ఫోన్ చేస్తున్నాను.