లీడర్ చెయ్యి వెయ్యకూడదు

1979 జనవరి. అమెరికాలోని నేపర్‌విల్ దగ్గరి ఆ ఆసుపత్రి కిటికీల అవతల పొద్దున్నుంచీ మంచు కురుస్తూనే ఉంది. వార్డులో కాఫీ వాసన, స్పిరిట్ వాసన, గదుల్ని వేడిచేసే రేడియేటర్ల టిక్కుటిక్కు. అంతా మామూలుగానే ఉంది, ప్రేమజ్యోతి గుండె తప్ప. నర్సింగ్ ఆఖరి టర్మ్‌లో ఆమె లీడర్‌షిప్ పరీక్ష, అంటే ఒక పూట వార్డుని నడిపి చూపడం, ఆ సాయంత్రమే. పాసైతే ఇదే వార్డులో ఉద్యోగం, దాంతో వీసా. తప్పితే పెట్టేబేడా సర్దుకుని బాపట్ల పోవడమే.

పరీక్ష పెట్టే టీచర్ మిసెస్ హాలోవెల్. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు ఆ కాలేజీలో లేరు. ఆవిడ నియమం ఒక్కటే: లీడర్ పని చేయించాలి గాని తను చెయ్యి వెయ్యకూడదు. వేస్తే ఫెయిల్. ప్రేమజ్యోతి కూర్చున్న నర్సుల డెస్క్ పక్కనే కుర్చీ వేసుకుని, పెన్ను పట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం ప్రేమజ్యోతి కింద పనిచేసే విద్యార్థుల్లో లూసీ ఒకతె. ఇద్దరిదీ ఒకే తెలుగు చర్చి. బక్కపిల్ల, శవమంటే హడలు. అది తెలిసే, చివరి గదిలో మిసెస్ వెబర్ అనే ముసలావిడ పోతే, శవాన్ని సర్దే పని ప్రేమజ్యోతి ఆమెకే అప్పగించింది. పిరికిదాన్ని దారిలో పెట్టిందని మార్కులు పడతాయని ఆశ. లూసీ ఏడుస్తూనే ముసలావిడ రెండు చేతులూ కలిపి బ్యాండేజీతో కట్టింది. మంచువల్ల శవాన్ని తీసుకెళ్లే బండి రాలేదు.

చీకటిపడింది. చివరి గది తలుపు మీద లైటు వెలిగింది. నర్సుని పిలవడానికి లోపల పేషెంటు మంచం పక్కన తాడు లాగితేనే వెలిగే లైటు అది.

"వైరింగ్ పాడైనట్టుంది. వెళ్లి ఆఫ్ చేసి రా," అంది ప్రేమజ్యోతి.

"నన్ను పంపకక్కా... నీ కాళ్లు పట్టుకుంటా," అని గొణిగింది లూసీ.

మిసెస్ హాలోవెల్ పెన్ను కదిలింది.

"గో, లూసీ," అంది ప్రేమజ్యోతి.

లూసీ వెళ్లింది. లైటు ఆరింది. హమ్మయ్య అనుకునేలోగా మళ్లీ వెలిగింది... ఆరింది... వెలిగింది. తర్వాత సన్నగా లూసీ గొంతు.

"అక్కా... నా చెయ్యి పట్టుకుంది. ఒక్కసారి రా."

ప్రేమజ్యోతి లేచింది. పెన్ను ఆగింది. మిసెస్ హాలోవెల్ ఆమె కాళ్లకేసే చూస్తోంది.

ప్రేమజ్యోతి కూర్చుంది. తన మీద తనకే ఛీ అనిపించింది. అయినా కూర్చుంది.

"అక్కా..."

"ఫినిష్ చేసి రా!"

ఆ తర్వాత పిలుపు లేదు.

కాసేపాగి ఇంకో అమ్మాయిని పంపితే, లోపల్నుంచి కేక. లూసీ నేలమీద పడి ఉంది, కళ్లు తెరుచుకుని. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. ఆమె మణికట్టు మీద నాలుగు వేళ్ల నల్లటి అచ్చులు. మిసెస్ వెబర్ చేతులు మాత్రం లూసీ కట్టిన కట్టులోనే ఉన్నాయి. ముడి సడలలేదు.

ప్రేమజ్యోతి పాసైంది. పట్టా ఇచ్చే రోజున మిసెస్ హాలోవెల్ స్వయంగా ఆమె తెల్ల యూనిఫాంకి నర్సైనందుకు గుర్తుగా ఇచ్చే వెండి పిన్ను పెట్టి, "ఆ రోజు నువ్వు నీ చోటు వదల్లేదు," అని మెచ్చుకుంది. ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

ఉద్యోగంలో ఆమెకి వార్డు అప్పగించిన మొదటి సాయంత్రం. అదే డెస్క్. చివరి గదిలో పేషెంటు లేరు. లైటు వెలిగింది.

ప్రేమజ్యోతి లేవలేదు. కొత్తగా చేరిన డెబ్బీ అనే అమెరికన్ పిల్లని పంపింది.

డెబ్బీ మణికట్టు రుద్దుకుంటూ తిరిగొచ్చింది.

"లోపల ఎవరూ లేరు," అంది గుసగుసగా. "కానీ... 'అక్కా' అంటే ఏంటి?"

చివరి గది లైటు ఆరింది. దానికి ఇవతల, డెస్క్ వైపున్న గది లైటు వెలిగింది.