బార్లీ చేలో గూటం

జపాను దొరలు ఏలుతున్న జొల్లా సీమలో ఆ సాయంత్రం ఎంత అందంగా ఉందో! బార్లీ వెన్నులు పసుపు తిరిగాయి. సెలయేటి మీంచి పొగమంచు మెల్లగా చేలోకి పాకుతోంది. గట్టు మీద మల్సూన్ మాత్రం ఆ అందాన్ని చూడకుండా పళ్ళు నూరుతోంది.

ఆమె మొగుడు గిచోల్ జపాను దొరల భూమి సర్వే కచేరీలో గుమాస్తా. కొండవాలు పొలాలు దొరల కంపెనీకి కాకుండా దున్నేవాళ్ళ పేరన రాశాడని ఉద్యోగం పీకేశారు. కోర్టుకెక్కాడు. ఓడాడు. కచేరీవాళ్ళ కోర్టు ఖర్చులు కూడా అతన్నే కట్టమన్నారు. "నన్ను తన్ని, తన్నిన కాలికి కూలి అడుగుతారా?" అని అరిచి అరిచి, నెత్తురు కక్కుకుని పోయాడు. తాతల సమాధులున్న కొండ అప్పటికే కంపెనీదైపోయింది. అందుకే మల్సూన్ అతన్ని ఈ చేలోనే, పైన దిబ్బ పోయకుండా, దొంగచాటుగా పాతిపెట్టింది.

ఆ ఖర్చుల కింద ఇప్పుడు చేను కూడా పోయింది.

గిచోల్ కుర్చీలో కొత్తగా కూర్చున్న చున్‌సిక్, కంపెనీ పేరు రాసిన హద్దు గూటం, సమ్మెట పట్టుకొచ్చాడు. గూటం మీద ఎవరి పేరుంటే చేను వాళ్ళది. అదీ కచేరీ పద్ధతి.

"ఏం వదినా, ముఖం మాడ్చుకున్నావ్? చేను రాసిచ్చే కాగితం మీద పొద్దున ఎర్రసిరా వేలిముద్ర నువ్వేగా వేశావ్!"

"జైల్లో తోస్తానంటే వేశాను. అన్నయ్యా అన్నయ్యా అంటూ మా ఇంట్లో మెక్కినవాడివి... థూ!"

"చేను మోసుకుపోవడానికి అన్నయ్యేం లేచిరాడులే." చేను నడిమధ్యకి నడిచాడు.

"అక్కడొద్దు!" మల్సూన్ నోరు జారింది.

"అయితే ఇక్కడే."

టక్. టక్. చెమట తుడుచుకోడానికి ఆగాడు.

టక్.

సమ్మెట అతని భుజం మీదే ఉంది...

మళ్ళీ టక్. అడుగునించి. గూటం జానెడు పైకి లేచింది. పచ్చిమట్టి వాసన... అందులో సిరా వాసన. గిచోల్ చేతుల వాసన.

"వదినా... కింద... ఏముంది?"

"నువ్వు కూర్చున్న కుర్చీ ఎవరిదో, ఆయన."

సమ్మెట పారేసి పరుగెత్తాడు.

తెల్లారేసరికి ఊరంతా చున్‌సిక్ వాకిట్లో ఉంది. అతని పడకగదిలో, పొయ్యి సెగతో వెచ్చగా ఉండే రాతినేల పగిలింది. గూటం మొన పైకొచ్చి, పరుపుని చీల్చుకుని నిలబడింది. చున్‌సిక్ జాడ లేదు. మల్సూన్ కడుపారా నవ్వింది.

ఆ సాయంత్రం చేలో గిచోల్‌ని పాతిన చోట, చనిపోయినవాళ్ళకి పెట్టే అన్నం గిన్నె దించి, అందులో చెంచా నిలబెట్టింది. "తినయ్యా. చేను మనదే."

టక్.

ఆమె మోకాళ్ళ కింద.

"నేనయ్యా... నీ మల్సూన్‌ని..."

టక్.

గిన్నె పక్కనున్న తన బొటనవేలి వైపు చూసుకుంది. పొద్దున్నే కడిగి శుభ్రం చేసుకున్న వేలు. దాని మీద ఎర్రసిరా... ఇంకా తడిగా.