నిజం దెబ్బలు

శనివారం ఉదయం ఏడింటికి ఆ ఇంటి ముందుగదిలో దెబ్బలు మొదలయ్యేవి. ఏడున్నరకి అమ్మ టీ పెట్టేది. ఎనిమిదింటికి అక్కా తమ్ముడూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, వాచిన చోటల్లా మంచుగడ్డ అద్దుకుంటూ ఆ టీ తాగేవారు. కొత్తవాళ్లెవరైనా వింటే పోలీసులకి ఫోన్ చేస్తారు గానీ, వీధిలోవాళ్లకి అదంతా అలవాటైపోయింది.

అక్క ఆడవాళ్లకి వ్యాయామం నేర్పే ట్రైనర్. ముందుగదిలో సోఫా తీయించి, నీలం మ్యాట్లు పరిపించి, గోడకి నిలువెత్తు అద్దం బిగించి, కిటికీ పక్కన ఫోను స్టాండు నిలబెట్టింది. తమ్ముడు వాషింగ్ మెషీన్లు బాగుచేస్తాడు. ఆరడుగుల మనిషి, అయినా ఇంట్లో పేరు బుడ్డోడే. అమ్మ వెనకగదిలో కిటికీ తెరలు కుడుతుంది. ఆమె మిషను చప్పుడులో ముందుగది చప్పుళ్లు సగం మునిగిపోయేవి. మిగతా సగం ఆమె వినదలచుకోలేదు.

మొదట్లో ఇలా లేదు. అక్క ఏడాదిపాటు బుద్ధిగా వీడియోలు పెట్టింది. మోకాలు ఎంత వంచాలి, బరువెత్తేటప్పుడు నడుము ఎలా నిలపాలి, ఊపిరి ఎప్పుడు వదలాలి అని ఓపిగ్గా చెప్పింది. ఒక్కో వీడియో చూసింది నలభై మంది, అందులో అమ్మే ఆరుసార్లు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ముగ్గురు, వాళ్లలో ఒకావిడ కబుర్లకే వచ్చేది. ఆఫీసు ఉద్యోగం వదిలేసి ఈ పని పట్టుకున్నందుకు నాన్న ఎనిమిది నెలలు కూతురితో మాట్లాడలేదు. ఆ మౌనం తీరకుండానే పోయాడు. కాబట్టి ఈ పని నిలబెట్టుకోవడం ఆమెకి బతుకుతెరువే కాదు, పంతం కూడా.

ఒకరోజు ఆమె పాఠం రికార్డు చేసుకుంటుండగా బుడ్డోడు బురద బూట్లతో మ్యాట్ మీదుగా నడిచిపోయాడు. మాటా మాటా పెరిగింది. అతను ఆమె జడ పట్టి లాగాడు. ఆమె అతని మణికట్టు మెలితిప్పి, కాలు అడ్డం పెట్టి, ఆ ఆరడుగుల మనిషిని నేలకేసి కొట్టింది. పెదవి చిట్లి మ్యాట్ మీద రక్తం పడింది. ఫోను అంతా చూస్తూనే ఉంది. సాయంత్రానికి ఇద్దరికీ నవ్వొచ్చింది. పెట్టెయ్ అక్కా, నా మొహం కూడా నలుగురూ చూడనీ అని బుడ్డోడే అన్నాడు. మూడు రోజుల్లో మూడు లక్షల మంది చూశారు. జడ పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలి, మెడ పట్టుకుంటే ఏం చేయాలి, మాకూ నేర్పండి అని ఆడవాళ్లు వరసపెట్టి మెసేజ్‌లు పంపారు. నెల తిరిగేసరికి ముప్పై మంది చేరారు.

రెండో వీడియోలో ఇద్దరూ నటించారు. జనం అది నాటకమని క్షణంలో తేల్చేశారు. మీ తమ్ముడు పడుతూ నవ్వాడు, చూసుకోండి అని ఒకడు సెకన్లతో సహా రాశాడు.

"నిజంగా కోపం వస్తే తప్ప కుదర్దురా," అంది అక్క.

అప్పుడే ఆ పద్ధతి పుట్టింది. ఫోనులో రికార్డింగు నొక్కేముందు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడతారు. ఒకరి గురించి ఒకరు, ఎదుటివాళ్లకి గుచ్చుకునే పాత మాట ఒక్కటి చెప్పాలి. అది నిజం కావాలి. తర్వాత కలబడాలి. నొప్పి భరించలేకపోతే మ్యాట్ మీద రెండుసార్లు తడితే చాలు, అవతలివాళ్లు వదిలెయ్యాలి. అయ్యాక టీ. అన్న మాట టీ కప్పు దాటి బయటికి రాకూడదు.

బాగానే సాగింది అనుకున్నారు. పరీక్ష తప్పిన సంగతి ఒక వారం, పగలగొట్టిన బొమ్మ ఒక వారం, పెళ్లివారి ముందు అక్క పరువు తీసిన మాట ఒక వారం. అగ్గి మీద గుగ్గిలం పడ్డట్టు లేచేవారు. ఆమె మోచేయి తగిలి అతని పన్ను ఊడింది. అతని పిడికిలికి ఆమె పక్కటెముక బీటలు వారింది. ఒకసారి బుడ్డోడి తల అద్దానికి తగిలి, అద్దం మూల పగిలి, గాజుపెంకులతో పాటు రక్తం కారింది. ఆ వారం వ్యూస్ పది లక్షలు దాటాయి. రక్తం వచ్చిన వారానికీ రాని వారానికీ తేడా అక్కకి బాగా తెలిసిపోయింది. కంటి కింద నల్లగా కమిలిన చోట పౌడరు రాసుకుని పాఠం చెప్పేది. అమ్మ అడిగితే పనిలో ఇవన్నీ మామూలే అనేది.

అలాంటి ఒక శనివారం మొదట అక్కే అంది. బుడ్డోడికి తిండి పెట్టిన చేతిని కరవడం తప్ప ఏమీ రాదని, తండ్రి పోయాక ఇంట్లో మగవాడినని మీసం మెలేయడమే గానీ ఒక్క బిల్లు కట్టిన పాపాన పోలేదని. బుడ్డోడు తల దించుకుని విన్నాడు. తన వంతు వచ్చింది. కాలి వేలితో మ్యాట్ అంచు గీరుతూ నిలబడ్డాడు. అక్క విసుక్కుంది, త్వరగా కానిమ్మంది, తొమ్మిదింటికి క్లాసుందని గుర్తు చేసింది.

"నాన్న చివరి రోజున నువ్వు వార్డు బయట కూర్చున్నావు కదా," అన్నాడు బుడ్డోడు. "నిన్ను పిలవమంటావా అని నాన్నని అడిగాను. దాన్ని లోపలికి రానివ్వకు అన్నాడు."

అక్క ఫోను నొక్కింది. తర్వాత ఆమె చేసినవేవీ పాఠంలో లేవు. మొదటి దెబ్బ గొంతు మీద పడింది. అతను వంగగానే మోకాలితో మొహం మీద గుద్దింది, ముక్కు చితికింది. జుట్టు పట్టి మ్యాట్ అవతలి వట్టి నేలకి తల కొట్టింది. బోర్లా పడినవాడి మీద ఎక్కి కూర్చుని, కుడిచేయి వెనక్కి విరిచి పట్టుకుంది. అతను ఎడమచేత్తో మ్యాట్ మీద రెండుసార్లు తట్టాడు. మళ్లీ తట్టాడు. మళ్లీ మళ్లీ తట్టాడు. ఆమె విన్నది. విని కూడా వదల్లేదు. భుజం దగ్గర తడి కట్టె విరిగినట్టు చప్పుడైంది. బుడ్డోడు పెట్టిన కేకకి వెనకగదిలో మిషను ఆగిపోయింది.

భుజం కీలు తప్పిందన్నారు ఆస్పత్రిలో. నరం కూడా సాగిందట. చేతికి పట్టీ కట్టి, ముక్కుకి కుట్లు వేసి, రెండు నెలలు బరువు ముట్టుకోవద్దన్నారు. ఆ తర్వాతైనా మెషీను ఎత్తగలడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఇంటికొచ్చాక తమ్ముడు ఆమెతో మాట్లాడలేదు. ఆమె కూడా వాడి గది గడప తొక్కలేదు. నాన్న మాట చెవుల్లో గింగురుమంటూనే ఉంది. ఆ కసితోనే సోమవారం వీడియో పెట్టేసింది.

బుధవారం మధ్యాహ్నం అమ్మ తెరలు ఇచ్చిరావడానికి వెళ్లి, గుడ్డల సంచి చేతిలో ఉండగానే ముందుగదిలోకి వచ్చింది. తెరలు కుట్టించుకున్నావిడ ఆ వీడియో తన ఫోనులో చూపించిందట. నీ కూతురు భలే గట్టిదమ్మా అని మెచ్చుకుందట.

"పెట్టావా?"

"వారానికొకటి పెట్టాలి కదమ్మా. ఇరవై మంది కొత్తగా..."

అమ్మ చెయ్యి లేచింది. జీవితంలో పిల్లల్ని కొట్టని చెయ్యి. చెంప మీద పడిన దెబ్బకి అక్క అద్దానికి తగిలి నిలబడింది. అమ్మ రెండో దెబ్బ కూడా వేసింది, ఫోను లాక్కుని గోడకేసి విసిరింది.

"వాడు కొట్టుకుంటున్నాడే నేలని, చెయ్యి వదలమని. నాకు వినిపించింది అందులో. నీకు వినిపించలేదా? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. నాదీ తప్పే. కానీ నువ్వు వాడిని చంపబోయావే."

"వాడేమన్నాడో నీకు తెలుసా?" అంది అక్క, చెంప పట్టుకుని. చెప్పింది. పద్ధతీ చెప్పింది, ప్రతి శనివారమూ చెప్పింది, నాన్న మాటా చెప్పింది.

అమ్మ సంచి కింద పెట్టి మ్యాట్ మీదే కూలబడింది.

"మీ నాన్న నోట్లో గొట్టం వేసి అప్పటికి మూడు రోజులయింది," అంది. "కళ్లే తెరవలేదు. మాట ఎక్కడిదే ఆయనకి? నిన్ను లోపలికి పంపనిది నర్సు. వాడూ నేనూ అక్కడే ఉన్నాం కదా."

అక్కకి ముందు కోపమే వచ్చింది. ఇంత అబద్ధమా అని తమ్ముడి గదిలోకి విసురుగా వెళ్లింది. బుడ్డోడు మంచం మీద కూర్చుని, ఎడమచేత్తో చొక్కా తొడుక్కోవాలని అవస్థ పడుతున్నాడు. మొహం ఇంకా నీలంగా వాచి ఉంది.

"నాన్న అలా అనలేదటగా. ఎందుకన్నావురా ఆ మాట?"

వాడు చొక్కా ఎలాగో భుజం మీదికి లాక్కున్నాడు.

"ఇంకేం దొరకలేదక్కా," అన్నాడు. "నీ మీద నాకున్న కోపాలన్నీ మూడు నెలల క్రితమే అయిపోయాయి. తర్వాత వారం వారం వెతుక్కున్నాను. ఉన్నవే పెద్దవి చేసి చెప్పాను. ఆ రోజు ఒక్కటీ లేదు. కోపం రాకపోతే వీడియో కుదరదంటావు, క్లాసు పోతుందంటావు. అందుకని అల్లేశాను. తప్పయిపోయింది. అంత దెబ్బ తగులుతుందనుకోలేదు నీకు."

తన దగ్గర అలాంటి కోపాలు ఇంకా ఎన్ని ఉన్నాయో అక్కకి తెలుసు. మరిచిపోకుండా రాసిపెట్టుకుంది, వచ్చే వేసవి దాకా సరిపడా. వాడికి జ్వరమొస్తే అమ్మ అక్క పుట్టినరోజు మరిచిపోయిన సంగతి కూడా అందులో ఉంది. అప్పుడు వాడికి నాలుగేళ్లు. అది వాడి తప్పెలా అయిందో ఇప్పుడు ఎంత ఆలోచించినా తెలియలేదు.

"నా దగ్గర ఇంకా ఉన్నాయిరా," అంది. అబద్ధం చెప్పాలనిపించలేదు. "ముప్పై దాకా ఉన్నాయి."

"అన్ని ఉన్నాయా?" అని నవ్వబోయి, కుట్లు లాగి, ముక్కు పట్టుకున్నాడు బుడ్డోడు.

ఆ నవ్వుకి ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. మంచం పక్కన నేల మీద కూర్చుని, వాడి మోకాలి మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. వీడియో తీసేస్తానంది. ఇక ఆ గదిలో ఒంటి మీద దెబ్బ పడదంది. మళ్లీ మోకాలు వంచడమే చెప్పుకుంటాను, ముగ్గురొస్తే ముగ్గురికే నేర్పుతానంది. చెయ్యి బాగయ్యేదాకా వాడితో పాటు మెషీన్లు ఎత్తడానికి తానే వస్తానంది. నన్ను క్షమించరా అని మాత్రం అనలేకపోయింది, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నోరు రాలేదు.



"సరేలే," అన్నాడు బుడ్డోడు. "ముందు ఈ గుండీలు పెట్టు. ఒంటిచేత్తో పొద్దున్నుంచీ చస్తున్నాను."

ఆమె లేచింది. కట్టు కట్టిన చేతికి తగలకుండా చొక్కా దగ్గరికి లాగి, కింద నుంచి మొదలుపెట్టింది. మొదటి గుండీకే చాలాసేపు పట్టింది.