పూరీలో వదలాల్సినది

“ఓ దాదా, ఆ బ్యాగ్ కొంచెం పైన పెడతారా?”

షాలిమార్ స్టేషన్‌లో రైలు ఇంకా కదలనే లేదు, ఆ మాటతో ప్రవీణ్ కుమార్ ప్రాణం సగం పోయింది. రెండేళ్లుగా ప్రేమిస్తున్న రమాకుమారి ఎదురు సీట్లో కూర్చుని, ముక్కూమొహం తెలియనట్టు అతన్ని దాదా అని, అంటే బెంగాలీలో అన్నా అని పిలుస్తోంది. మిగతా సగం ప్రాణం ఆమె చూపుతో పోయింది. రావద్దన్నానా, ఎందుకొచ్చావు అని ఆ చూపుకు అర్థం.

రమ పక్కన ఆమె మామ్మ గురవమ్మ ఉంది. ఏక్‌బాల్‌పూర్ వీధులు కార్పొరేషన్ తరఫున ఊడ్చి ఊడ్చి రిటైరైన మనిషి. తల్లీతండ్రీ లేని మనవరాలిని ఆ చీపురుతోనే డిగ్రీ దాకా చదివించింది.

“బలంగా ఉన్నావు బాబూ. ఏటి పని సేస్తావు?”

“పోర్టులో మామ్మా, గార్డెన్ రీచ్ వైపు. క్రేన్ నడుపుతాను.”

“తెలుగోడివా? సూడు రమా, మనోడే. పేరేటి?”

“ప్రవీణ్ కుమార్.”

“మంచి పేరు,” అంటూ గురవమ్మ డబ్బా మూత తీసి, అతని చేతిలో చేగోడీలు పోసింది. రమ కిటికీ వైపు తిరిగింది. నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి తెలియలేదు.

మీ గుంట చర్చి వాళ్ల కుర్రాడితో బస్సులో కనిపించిందని ఎవరో గురవమ్మ చెవిన వేశారు. ఆ కుర్రాడి పేరు మాత్రం చెప్పలేదు. గురవమ్మ కేకలు వెయ్యలేదు, చెయ్యి చేసుకోలేదు. పూరీకి టిక్కెట్లు తీసింది.

వాళ్లింట్లో ఒక ఆనవాయితీ ఉంది. జగన్నాథుడి సన్నిధిలో అన్నిటికన్నా ఇష్టమైనదాన్ని వదిలి రావాలి. ఒకసారి వదిలితే బతికుండగా మళ్లీ ముట్టకూడదు. రమ తాత పనసపండు వదిలాడు. ఆ తరువాత పొరుగింట్లో పనస కోసినప్పుడల్లా కిటికీ మూసుకుని కూర్చునేవాడు. ఈసారి రమ ఏం వదలాలో గురవమ్మే తేల్చిపెట్టింది.

ముసలామె కునుకు తీయగానే ఇద్దరూ తలుపు దగ్గర కలిశారు.

“ఏటి రమా, నన్ను దాదా అంటావా?”

“మరి మామ్మ ముందు ఏమనమంటావు, ఏమండీ అనమంటావా?”

“సర్లే. కాకరకాయ వదిలేసిరా. నీకెలాగూ పడదు.”

“దేవుడి దగ్గర చీటింగ్ చేస్తామా? పైగా మామ్మ పక్కనే ఉండి, నిన్ను వదిలేశానని పైకి చెప్పిస్తుంది.”

“చెప్తావా?”

“నన్ను పెంచింది తను, ప్రవీణ్.”

“అంటే చెప్తావన్నమాట.”

“తెలీదు. నువ్వు పక్కనుంటే చెప్పలేనేమో. లోపలికి రా. ప్రవీణ్ కుమార్ అంటే ఎవరికి డౌటొస్తుంది?”

ప్రవీణ్ తండ్రి యెషయా తెలుగు చర్చిలో సంఘపెద్ద. జగన్నాథుడి గుళ్లోకి హిందువులు కానివాళ్లను రానివ్వరు. వెళ్లాలంటే అబద్ధం చెప్పాలి, అదీ నోరారా బాబూ అని పిలిచిన ఈ ముసలామెతో. చేతిలో మిగిలిన చేగోడీ తినబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం మూడింటికి పూరీలో దిగారు. గురవమ్మ బస కూడా చూసుకోలేదు. ముందు ధూళిదర్శనం, తరువాతే ఏదైనా అంది. సంచులు ప్రవీణ్‌కి తగిలించి అతన్నీ ఆటో ఎక్కించింది.

సింహద్వారం ముందు జనం ఇసకేస్తే రాలనంతగా ఉన్నారు. అరుణ స్తంభం మీద చేతులు జోడించిన అరుణుణ్ణి మెడ ఎత్తి చూస్తూ ప్రవీణ్ మాటలు వెతుక్కున్నాడు.

“చెప్పులూ ఫోన్లూ నేను చూసుకుంటాను మామ్మా. మీరెళ్లి రండి.”

“వాటికి కౌంటరుంది కదా. రా బాబూ. ఇంత దూరమొచ్చి సామిని సూడకుండా ఎల్తావా?”

రమ అతన్నే చూస్తోంది. రా, రా అంటున్నాయి ఆ కళ్లు. ఒక్క అడుగు వేస్తే చాలు, రమ పక్కన నిలబడొచ్చు.

“నేను రాకూడదు మామ్మా. మేం చర్చి వాళ్లం. బస్సులో రమతో కనిపించింది నేనే.”

గురవమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మనవరాలి మణికట్టు పట్టుకుని గబగబా లోపలికి నడిచింది. రమ ఒక్కసారి వెనక్కి తిరిగింది. అంతలో జనం అడ్డొచ్చారు.

కొరివితో తల గోక్కున్నట్టయింది అతని పని. గోపురం కొసన ఎగిరే జెండా తప్ప లోపలిదేమీ కనిపించదు. ఈపాటికి లోపల పూజారి పండా రమను చెయ్యి చాపమని ఉంటాడు. ఈపాటికి చెప్పేసి ఉంటుంది. ఇక బస్సులో ఎదురైనా, పనసపండు చూసిన తాతలా మొహం తిప్పుకుంటుంది. ఆ ఊహకు నవ్వొచ్చింది, నవ్వు మధ్యలోనే కళ్లనీళ్లు తిరిగాయి. రమ లేని ఏక్‌బాల్‌పూర్‌కి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? తిరుగు రైలెక్కుదామనుకున్నాడు గానీ వాళ్ల సంచులు అతని భుజానే ఉన్నాయి.

వాళ్లు బయటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. రమ కళ్లు వాచిపోయాయి. అతని వైపు చూడలేదు.

“సముద్రం కాడికి పదండి,” అంది గురవమ్మ.

ఒడ్డున అలలు మనిషెత్తు లేస్తున్నాయి. యాత్రికులు చేతులు పట్టుకుని నీళ్లలోకి దిగుతున్నారు.

“చెప్పేశావా?” ప్రవీణ్ మెల్లగా అడిగాడు. రమ తల అడ్డంగా ఊపి, ఇసకలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

గురవమ్మ సముద్రాన్నే చూస్తూ చెప్పింది.

“దీని నోరు పెగల్లేదు. కర్రలా నిలబడిపోయింది. ఎనకాల జనం తోసేస్తన్నారు. నువ్వు సెప్పు ముసలమ్మా, నీకేటిష్టం అన్నాడు పండా. మనసంతా ఎతుక్కున్నాను. పాన్ కాదు, సేపల కూర కాదు. ఈ గుంట తప్ప నాకేటుంది? సామి ముందు నానెలా అబద్ధమాడతాను? గేటు కాడ నువ్వే ఆడలేదు.”

“మామ్మా,” అంటూ రమ లేచి చెయ్యి అందుకోబోయింది. గురవమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ముట్టకూడదమ్మా. నిన్నొదిలేశాను. బాబూ, మీ నాన్నతో నానొచ్చి మాటాడతాను. దీన్ని తీసుకుపో.”

కోరుకున్న పిల్ల దక్కింది. అయినా ప్రవీణ్‌కి ఏదో దొంగిలించినట్టుంది. గురవమ్మ నీళ్లలోకి నడిచింది. అల వచ్చి మోకాళ్ల మీద కొట్టింది. ముసలామె తూలింది. అంతమంది జనంలో పట్టుకునే చెయ్యి లేనిది ఆమె ఒక్కర్తికే.

ప్రవీణ్ పరుగున వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“వదులు బాబూ.”

“మీరు వదిలింది రమని. సామి ముందు నా పేరు చెప్పలేదు కదా మామ్మా. నన్నెలా వదులుతారు?”

గురవమ్మ అతని మొహంలోకి చూసింది. చెయ్యి విడిపించుకోలేదు. ఇంకో అల వచ్చేసరికి ఆమె వేళ్లే గట్టిగా బిగుసుకున్నాయి.

“రెండో సెయ్యి దానికియ్యి,” అంది. “అదొక్కర్తీ ఉంది.”